ఇంజను మీది అంకె

మా మదరసా ఆవరణలో వేపచెట్టు క్రింద ఒక పాత జీపు ఉంది. దాని బానెట్ చాలా ఎత్తుగా ఉంటుంది. ఆ ఎత్తుకు కారణం కూడా ఒక ఇంజను మార్పే. 1953లో అమెరికాలోని విల్లీస్ సంస్థ తన జీపులో మరింత బలమైన పెట్రోలు ఇంజనును అమర్చదలచింది. కొత్త ఇంజను పాతదానికంటె ఎత్తయినది కావడంతో బానెట్‌నే పైకి లేపవలసి వచ్చింది. ఆ నమూనానే మన దేశంలో మహీంద్రా వారు దశాబ్దాలపాటు తయారుచేశారు. 1945లో ఆరంభమైనప్పుడు ఆ సంస్థ పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. అందలి భాగస్వామి గులాం మొహమ్మద్ విభజనానంతరం పాకిస్తాన్ వెళ్లి, అక్కడ గవర్నర్ జనరల్ అయ్యారు.

ఈ జీపును ఒక దాత మదరసాకు సమర్పించారు. నల్లమల అంచు పల్లెలకు వెళ్లేందుకు మాకు అదే ఆధారం. వేసవిలో ఎలాగో నడిచేది. వానాకాలంలో మాత్రం దాని మీద నమ్మకం ఉండేది కాదు.

1998 వర్షాకాలంలో ఒక రాత్రి, నేలపై పడుకున్న పన్నెండేళ్ల విద్యార్థిని పాము కాటువేసింది. బిడ్డను ఒడిలో పెట్టుకొని జీపులో బయలుదేరాము. వాగు మధ్యలో ఇంజను ఆగిపోయింది. పెట్రోలు ఇంజను నిప్పురవ్వతో నడుస్తుంది. ఆ రవ్వను పంచే డిస్ట్రిబ్యూటరు మీద నీళ్లు చిందితే రవ్వ పుట్టదు. డ్రైవరు లుంగీ కొంగుతో దానిని తుడుస్తూనే ఉన్నాడు. బిడ్డ కనురెప్పలు వాలిపోతున్నాయి. నేను దుఆ చేస్తూ, మధ్యమధ్య అతని పేరు పెట్టి పిలుస్తూ కూర్చున్నాను. చివరకు ప్రక్క పల్లె రైతు తన ట్రాక్టరుతో వచ్చి మమ్మల్ని ఒడ్డుకు లాగి, ఆసుపత్రికి చేర్చాడు. అల్లాహ్ దయ వలన బిడ్డ బ్రతికాడు. ఆ వాగులో గడచిన సమయాన్ని నేను నేటికీ మరువలేదు.

డీజిల్ ఇంజను వేయించాలని ఆ వారమే నిర్ణయించుకున్నాము. డీజిల్ ఇంజనుకు నిప్పురవ్వతో పనిలేదు. లోపలి గాలిని గట్టిగా అదిమితే అది వేడెక్కుతుంది. అందులోకి ఇంధనాన్ని చిమ్మితే తానుగా మండుతుంది. గాలి పీల్చే గొట్టంలోకి నీరు పోనంతవరకు వాగును చూచి భయపడనక్కరలేదు.

కర్నూలులోని ఒక షెడ్డుకు జీపును తీసుకువెళ్లాము. అక్కడి పెద్ద మెకానిక్కును అందరూ ఉస్తాద్ అని పిలుస్తారు. మదరసాలో నన్నూ అలాగే పిలుస్తారు. ఆయన ప్యూజో వారి లైసెన్సుతో మన దేశంలోనే తయారైన 2,112 సి.సి. ఇంజనును సూచించారు. పని ఎంత ఉందో ఓపికగా వివరించారు. ఈ ఇంజను బరువెక్కువ కనుక ముందరి కమానుకు ఒక పట్టీ చేర్చాలి. గేర్‌బాక్సుకూ ఇంజనుకూ నడుమ ఒక ఇనుప పలక తయారుచేయించాలి. రెండింటి ఇరుసులూ ఒకే గీటులో కూర్చోకపోతే క్లచ్ నిలవదు. బ్యాటరీ పెద్దది కావాలి. మురికిని పంపు, నాజిళ్లు సహించవు కనుక ట్యాంకును లోపల కడిగించాలి. "లాగుడు బాగుంటుంది హజ్రత్, పరుగు మాత్రం తగ్గుతుంది" అన్నారు. మాకు కావలసినది పరుగు కాదని చెప్పాను.

పాత ఇంజనును దించారు. కొత్తది బల్ల మీద సిద్ధంగా ఉంది. అప్పుడు ఉస్తాద్ రెండు కాగితాలు అడిగారు. ఒకటి, ఇంజను అమ్మినవారి రసీదు. రెండవది, రిజిస్ట్రేషను అధికారి ఆమోదం. రసీదు ఉంది. ఆమోదం లేదు. కార్యాలయం చుట్టూ తిరిగేందుకు నాకు ఓపిక లేదు. మరొక వాన రాకముందే జీపు కావాలి. "ముందు బిగించండి భాయ్, అడవి దారిలో ఇంజను నంబరు ఎవరు చూస్తారు?" అన్నాను.

ఆయన పానా క్రింద పెట్టారు. "హజ్రత్, నేను చదువుకోలేదు. పుస్తకంలో ఒక నంబరు, ఇంజను మీద మరొకటి ఉంటే పోలీసులు దొంగబండి అనుకుంటారు. అది సరే, మీరు సమాధానం చెప్పుకుంటారు. రేపు ఈ బండి క్రింద ఒక పేదవాడు పడితే, నంబరు కలవలేదని బీమా వాళ్లు పేచీ పెడితే, వాడి పిల్లలకు ఎవరు సమాధానం చెబుతారు?"

నేను ఏమీ మాట్లాడలేకపోయాను. ఆ ఏడాది నేను విద్యార్థులకు క్రయవిక్రయాల అధ్యాయం బోధిస్తున్నాను. సరుకులోని లోపాన్ని దాచరాదని అంతకు ముందు వారమే చెప్పి ఉన్నాను. ఆ పాఠం నాకు వర్తిస్తుందని గుర్తుచేయడానికి చేతులకు గ్రీజు అంటిన మనిషి కావలసి వచ్చాడు.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఇటువంటి మార్పుల గురించే చెబుతుంది. దరఖాస్తు పెట్టాము. మూడు వారాలు జీపు షెడ్డులోనే ఉంది. ఆ మూడు వారాలూ రాత్రి మబ్బు పట్టినప్పుడల్లా నాకు నిద్ర పట్టలేదు. అత్యవసరమైతే ట్రాక్టరు పంపమని ఆ రైతును ముందే వేడుకున్నాను. ఆమోదం వచ్చాక ఇంజను బిగించారు. కొత్త అంకె పుస్తకంలో నమోదయింది. ఆ వానాకాలంలోనే ఒక గర్భిణిని అదే వాగు దాటించాము. ఈసారి నీరు బంపరును తాకినా ఇంజను ఆగలేదు.

పాత వాహనానికి ఇంజను మార్చదలచిన సోదరులకు ఒక మాట. నేడు నిబంధనలు మరింత కఠినమయ్యాయి. తయారీదారు నిర్ణయించిన మౌలిక రూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక మెకానిక్కు దగ్గరకు వెళ్లకముందే అధికారిని అడగండి. కాదంటే ఆగండి.

ఆ ఉస్తాద్ ఇప్పుడు లేరు. అల్లాహ్ ఆయనను క్షమించుగాక. క్రయవిక్రయాల అధ్యాయం మొదలుపెట్టే ప్రతి ఏటా నేను విద్యార్థులను వేపచెట్టు క్రిందికి తీసుకువెళ్లి, బానెట్ ఎత్తి, పుస్తకంలోని అంకెనూ ఇంజను మీది అంకెనూ వారిచేత చదివిస్తాను.