కంపెనీ లిస్టులో లేని బోల్టు

నట్లూ బోల్టుల గురించి కూడా ఎవడైనా రాస్తాడా అని మా తమ్ముడు నవ్వాడు. నవ్వి, మధ్యలోనే ఆపేశాడు. పోయిన సంవత్సరం ఒక బోల్టు లేకపోవడం వల్ల అమ్మకి ఏమై ఉండేదో వాడికీ తెలుసు.

మాది చిత్తూరు, ఉద్యోగం బెంగుళూరులో. రెండు వారాలకోసారి బండి మీద ఇంటికి రావడం అలవాటు. కోలారు, ముళబాగిలు, పలమనేరు, మొగిలి ఘాటు, చిత్తూరు.. దగ్గర దగ్గర 180 కిలోమీటర్లు. బస్సులున్నాయి, రైళ్ళున్నాయి, అయినా బండే. వారమంతా కుర్చీలో కూర్చునే వాడికి ఆ మాత్రం పిచ్చి లేకపోతే ఎట్లా?

బండి 350 సీసీ, ఒకటే సిలిండరు. కొన్న ఆర్నెల్లలోపే దానికి నేను తగిలించినవి ఇవీ: ముందు లెగ్‌గార్డు, దానికి రెండు ఫాగ్ లైట్లు, హ్యాండిల్‌కి మొబైల్ హోల్డరు, వెనక క్యారియరు, రెండు పక్కలా సంచులు వేలాడదీయడానికి ఇనప స్టేలు. ఎడమ పక్క స్టేకి అడ్డమొస్తోందని కంపెనీ ఇచ్చిన శారీగార్డు పీకేసి, స్టేతో కలిసి వచ్చే ఇంకో గార్డు వేశారు షాపులో. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ఫోటోలు కూడా పెట్టాను, లైకులు కూడా వచ్చాయి.

శారీగార్డంటే మన కుర్రాళ్ళకి చిన్నచూపు. బండి కొన్న రోజే పీకించి అటకమీద పడేస్తారు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ దాని ప్రకారం వెనక కూర్చున్న మనిషికి పట్టుకోడానికి పట్టు, కాళ్ళు పెట్టుకోడానికి ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డు ఉండి తీరాలి. ఆ అడ్డే శారీగార్డు. అంటే అది అలంకారం కాదన్నమాట. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. మంచి విషయాలన్నీ నాకు తర్వాతే తెలుస్తాయి.

ఆ శనివారం కోలారు దాటాక వెనకనుంచి కిటకిటమని చప్పుడు మొదలైంది. సంచిలో తాళాలగుత్తి అనుకున్నా. ముళబాగిలు దగ్గర టీకి ఆగినప్పుడు తాళాలు జేబులోనే ఉన్నాయి. అప్పుడైనా వంగి చూడాలి కదా? చూడలేదు. నెంబరు ప్లేటు అయ్యుంటుందిలే అని బయల్దేరాను. ఆఫీసులో బిల్డు పాసయితే చాలు, వార్నింగులు ఎన్నున్నా కిందికి స్క్రోల్ చేసేస్తాం చూడండి, అచ్చం అదే బుద్ధి. మొగిలి ఘాటు దిగేసరికి చప్పుడు ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నా. చప్పుడు చెయ్యడానికి అక్కడ బోల్టే లేదని ఇప్పుడు అర్థమవుతోంది.

మర్నాడు ఆదివారం. కాణిపాకం పోదాం రా అంది అమ్మ. మా ఇంటినుంచి పదకొండు పన్నెండు కిలోమీటర్లు. పొద్దున్నే పోయి దర్శనం చేసుకున్నాం. బయట కొత్త బండ్లకి పూజలు జరుగుతున్నాయి. పసుపు, కుంకుమ, పూలదండ, చక్రాల కింద నిమ్మకాయలు. మా బండికీ కొన్నప్పుడు అక్కడే చేయించాం. అమ్మ వాళ్ళని చూస్తూ, మన బండికి దిష్టి తగిలినట్టుంది, ఇన్ని తగిలించినావు అంది. నవ్వేశాను.

తిరిగొచ్చేటప్పుడు ఊరి దగ్గర స్పీడ్ బ్రేకరు. స్లో చేసి ఎక్కించి దించాను. మహా అయితే ముప్ఫైలో ఉంటాను. అమ్మ ఒక్కసారిగా "ఆగరా, ఆగరా" అని అరిచింది. బ్రేకు వేసేలోపే వెనక్కి లాగినట్టయి బండి పక్కకి ఒరిగింది. చూస్తే అమ్మ రోడ్డు మీద మోకాళ్ళ మీద ఉంది. చీర కుచ్చిళ్ళ దగ్గర్నుంచి చక్రంలోకి చుట్టుకుపోయి, హబ్బు చుట్టూ తాడులాగా బిగుసుకుంది. వెనక ఏ లారీ రాకపోవడం, ముప్ఫైలోనే ఉండడం, అమ్మ గట్టిగా పట్టుకోకుండా జారిపోవడం.. ఈ మూడూ కలిసొచ్చాయి. నా తెలివి ఇందులో ఏమీ లేదు.

ఎదురుగా టెంకాయలమ్మే ఆయన కత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చి చీర కోశాడు. ఒక పూలావిడ తన పైటకున్న పిన్నీసులు తీసి అమ్మ చుట్టూ చీర సర్దింది. అది అక్క పెళ్ళికి కొన్న చీర. మోకాలి చిప్ప మీద తోలు లేచిపోయింది, అరచెయ్యి గీరుకుపోయింది. అంతే. నా చేతులు వణుకుతుంటే అమ్మే నాకు నీళ్ళ బాటిలు ఇచ్చి, "మీ నాయనకి చెప్పబాక" అంది. నాయనకి ఇప్పటికీ టైరు పంచరయి పడ్డామనే తెలుసు.

అమ్మని ఆటోలో పంపించి, బండిని తోసుకుంటూ దగ్గర్లో ఉన్న మెకానిక్కు దగ్గరికి పోయా. పెద్దాయన. కింద కూర్చుని ఒక్క నిమిషం చూసి, ఎడమ స్టేని రెండు వేళ్ళతో కదిపాడు. తలుపులాగా ఊగింది. పైన ఒక్క బోల్టు మీద వేలాడుతోంది. కింది బోల్టు ఉండాల్సిన చోట ఖాళీ రంధ్రం. స్పీడ్ బ్రేకరు కుదుపుకి గార్డు బయటికి తెరుచుకుని, ఆ సందులోంచి చీర లోపలికి పోయింది.

"ఇది ఎవురు బిగించిండేది నైనా?"

"బెంగుళూరులో షాపులో అన్నా. సర్వీసింగు మాత్రం టైముకి చేయిస్తా ఉండాను. మొన్ననే అయింది."

"కంపెనీ పెట్టిన బోల్టు కంపెనీవోళ్ళు సూస్తారు. నువ్వు పెట్టుకున్నది వోళ్ళ లిస్టులో యాడుంటాది? నువ్వే సూసుకోవల్ల."

నమ్మలేక, తర్వాత సర్వీస్ సెంటర్లో అడిగాను. యాక్సిల్ నట్టు, ఇంజను మౌంటింగులు, చైను.. వాళ్ళ షీటులో ఉన్నవన్నీ చూశారు. స్టేలు? "అది బయట ఫిట్టింగు కదా సార్" అన్నాడు సూపర్‌వైజరు. అతన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. ప్రొడక్షన్లో ఏదైనా కూలిపోతే కాల్‌లో ఉన్న పదిమందీ ఆ మాడ్యూల్ మాది కాదు అనడం నేనెన్నిసార్లు విన్నానో, ఎన్నిసార్లు అన్నానో. ఎవడో తెచ్చి కలిపిన లైబ్రరీ, దానికి ఓనరు లేడు, పనిచేస్తున్నంతకాలం అది ఉన్నట్టే ఎవరికీ గుర్తుండదు. నా బండి మీద అలాంటివి ఆరున్నాయి, అన్నీ నేను కలిపినవే.

ఇక్కడ సిగ్గుపడే సంగతి ఇంకోటుంది. నేను చదివింది మెకానికల్. మెషీన్ డిజైన్లో బోల్టు జాయింట్ల లెక్కలు చేసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. డిగ్రీ చేతికి రాగానే జావాలో పడ్డాను, డేటా బుక్కు తమ్ముడికిచ్చేశాను.

ఆ రాత్రి కూర్చుని మళ్ళీ చదువుకుంటే తెలిసింది ఇది. బోల్టు బిగించినప్పుడు అది వెంట్రుకవాసి సాగుతుంది, స్ప్రింగులాగా. మళ్ళీ దగ్గరికి రావాలని అది లాగే బలమే రెండు ముక్కల్నీ అదిమి పట్టుకునేది. ఆ అదుముడు తగ్గి, ముక్కలు పక్కకి జారడం మొదలైతే పని అయిపోయినట్టే. గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు 1969లో ప్రయోగం చేసి చూపించాడు, బోల్టుని నిలువునా కుదిపినదానికంటే అడ్డంగా అటూ ఇటూ కదిపితే చాలా తొందరగా తనంతట తానే విప్పుకుంటుందని. జారే ఆ క్షణంలో మరల మధ్య రాపిడి పట్టు తప్పుతుంది, మర ఏటవాలుగా ఉంటుంది కాబట్టి నట్టు కాస్త వెనక్కి తిరుగుతుంది. ఒక సిలిండరు బండి, రెండు పక్కలా ఊగే సంచులు.. మనం చేసేది 180 కిలోమీటర్ల యుంకర్ ప్రయోగమే. మనమంతా నమ్ముకునే స్ప్రింగ్ వాచరు కూడా ఆ తరహా పరీక్షల్లో పెద్దగా ఆపలేదు.

నా బండికి ఇంకో రెండు తోడయ్యాయి. స్టే మీద పౌడర్ కోటింగు మందంగా ఉంది. కొత్తలో బిగించిన బోల్టు కింద ఆ రంగు నలిగి పల్చబడుతుంది, నలిగినమేర బిగువు పోతుంది. అందుకే కొత్తగా తగిలించింది ఏదైనా మొదటి యాభై, వంద కిలోమీటర్లకి మళ్ళీ ఒకసారి బిగించాలి. నేను బిగించలేదు. రెండోది, శారీగార్డు పాత బోల్టునే వాడారు. మధ్యలో స్టే పట్టీ, ఒక స్పేసరు కొత్తగా వచ్చాయి కదా, బోల్టు మాత్రం అదే పొడుగు. 8 ఎంఎం బోల్టు ఇనుములో కనీసం తన లావు అంత, అంటే 8 మిల్లీమీటర్లు లోపలికి దిగాలి. దాని మర ఒక చుట్టుకి 1.25 మిల్లీమీటర్లు. మిగిలిన పై బోల్టు విప్పి చూస్తే మూడే చుట్లు పట్టి ఉన్నాయి. నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు. దాని మీద మా అమ్మని కూర్చోబెట్టుకుని తిప్పాను.

ఇప్పుడు పొడుగు బోల్టులు వేయించాను. అవతల నట్టు పెట్టే చోటుంటే నైలాక్ నట్టు. అది కూడా విప్పినప్పుడల్లా లోపలి నైలాను అరిగిపోతుంది కాబట్టి కొత్తది వేస్తాను, పది రూపాయలకి చూసుకోను. నట్టు పెట్టలేని చోట నీలం రంగు థ్రెడ్‌లాకరు ఒక చుక్క, నూనె తుడిచి. ఎరుపు రకం జోలికి పోవద్దు, తర్వాత విప్పాలంటే వేడి పెట్టాల్సొస్తుంది.

బయల్దేరే ముందు చూడ్డం అంటే చాలామంది పానా పట్టుకుని అన్నీ ఇంకో చుట్టు బిగించేస్తారు. వద్దు. 6 ఎంఎం బోల్టుకి పది న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో చాలు, 8 ఎంఎం దానికి ఇరవై, ఇరవై అయిదు. రోజూ కొంచెం కొంచెం బిగిస్తూ పోతే ఒకరోజు మర తెగుతుంది, లేదా బోల్టే తెగుతుంది. నేను చేసేది వేరే. సరిగ్గా బిగించాక నట్టు మీద నుంచి పక్క ఇనుము మీదకి గోళ్ళ రంగుతో ఒక గీత గీశాను. గీత తెగినట్టు కనిపిస్తే నట్టు తిరిగిందని అర్థం, అప్పుడే పానా. (గోళ్ళ రంగు అక్కది. గులాబీ రంగు. బండి చూసినవాళ్ళంతా అడుగుతారు :) ) గీత బాగానే ఉన్నా సంచులు తీసేసి స్టేని చివర పట్టుకుని గట్టిగా ఊపుతాను. మొదట్లో పట్టుకుంటే ఏమీ తెలియదు, చివర పట్టుకుంటేనే లూజు తెలుస్తుంది. బోల్టు చుట్టూ ఎర్రమట్టిలాంటి పొడి గానీ, రంగు పోయి తళతళలాడే మరక గానీ ఉంటే అక్కడ రెండు ముక్కలు రాసుకుంటున్నాయన్నట్టు. అన్నీ కలిపి అయిదు నిమిషాలు. టీ చల్లారేలోపు అయిపోతుంది. ఫాగ్ లైట్లు మాత్రం తీసేశాను, వాటి అవసరం ఎప్పుడూ రాలేదు.

అమ్మ మూడు నెలలు బండెక్కలేదు. నేనూ ఎక్కమనలేదు. గుడికి ఆటో, మార్కెట్‌కి ఆటో. తర్వాత ఒకరోజు తనే, తిరుమల పోదాం, బండి మీదే పోదాం అంది. తిరుపతిలో పిన్ని వాళ్ళింట్లో రాత్రి పడుకుని తెల్లారి బయల్దేరాం. ఎక్కేది 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డు, దిగేది 1944 నాటి పాతది, వంపుల మీద వంపులు. నాకు భయమంతా దిగడం గురించే.

అలిపిరి దగ్గర తనిఖీకి బండ్లు వరసలో ఆగాయి. సంచి స్కానింగులో పెట్టి తిరిగొచ్చి చూస్తే అమ్మ బండి పక్కన కూర్చుని వెనక చక్రం దగ్గర ఏదో చూస్తోంది. ఏందిమా అన్నాను.

"ఎడమ పక్క రంగు గీత నేను సూసినా, బాగానే ఉండాది. నువ్వు కుడి పక్క సూడు" అని లేచి, కుచ్చిళ్ళు దగ్గరికి తీసుకుంది.