ఊయల కట్టే ముందు

గుడ్డ నేసి బతికే పేట నుంచి డాంగ్ అడవికి తొలి విడిది. మూటలో గుడ్డకన్నా దాన్ని పట్టి ఉంచే పట్టీలే ముఖ్యం.

వడోద్‌లో గుడ్డకు కొదవ లేదు. సూరత్ నగరానికి దక్షిణాన, పాండేసరా పారిశ్రామికవాడ పొరుగున ఉన్న ఈ పేట చుట్టూ రాత్రింబవళ్లు దారం, రంగు, తానుల రాకపోకలే. లేనిదల్లా పన్నెండడుగుల ఎడంలో నిలబడిన రెండు గట్టి చెట్లు. వాటి కోసం నగరం దాటి తూర్పుకు, వ్యారా మీదుగా డాంగ్ జిల్లాలోకి వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేయాలి. రెండు చెట్లకు గుడ్డ కట్టి అందులో రాత్రంతా నిద్రపోయే హ్యామక్ విడిది మొన్నమొన్నటిదాకా విదేశీ షికారుగానే కనిపించేది. ఇప్పుడు చేతిలో ఫోనున్న పిల్లలు ఇంట్లో పెద్దలను దాని కోసం సతాయిస్తున్నారు.

సూరత్ తెలుగువారికి సెలవంటే సొంతూరే. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి సాంచాల పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీ కుటుంబాలు ఉధనా, లింబాయత్ పరిసరాల్లో దశాబ్దాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపేంతగా వారి సంఖ్య పెరిగింది. అయినా పండగొస్తే నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ వైపు పరుగే తప్ప పక్క జిల్లా అడవి చూద్దామన్న తలంపు తక్కువ. నేసిన మీటర్ల లెక్కన కూలి వచ్చే ఇంట్లో రెండు రోజుల విహారమంటే రెండు రోజుల కూలి పోవడమే. సాంచాలు మూతపడే దీపావళి సెలవుల్లో ఆ నష్టం ఉండదు. అదృష్టమేమంటే అడవికీ అదే అదను. వానలు వెనకపడతాయి, నదిలో నీరుంటుంది, రాత్రి చల్లబడుతుంది.

డాంగ్‌లో పూర్ణా నది ఒడ్డున మహాల్ దగ్గర అటవీ శాఖ విడిది ఉంది. చుట్టూ 160 చదరపు కిలోమీటర్ల పూర్ణా అభయారణ్యం. టేకు, వెదురు, చిరుతపులులు. ఇష్టమొచ్చిన చోట ఊయల కట్టేందుకు అది ఊరి తోట కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోరాదు, నిప్పు పెట్టరాదు. విడిదికి ముందే మాట్లాడుకుని, ఊయల ఏ చెట్లకు కట్టుకోవచ్చో సిబ్బందినే అడగడం మంచిది. కిరోసిన్ స్టవ్వు, కట్టెల పొయ్యి అన్న ఆలోచన వడోద్‌లోనే వదిలేయాలి. సర్వపిండి, సకినాలు, అటుకులు చాలు. దారిలో డాంగీల నాగలీ రొట్టె, అంటే మన రాగి రొట్టె, దొరికితే మరీ మంచిది.

నేల మీద చాప పరుచుకుంటే పోయేదానికి ఈ వేలాట దేనికని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. అడగాల్సిందే. మన దేశంలో కట్లపాము ఎక్కువగా కాటేసేది రాత్రిపూట, నేల మీద నిద్రపోతున్న వారిని. నొప్పి అంతగా ఉండదు కాబట్టి కాటు పడిన సంగతే చాలాసార్లు తెలియదు. మోకాలెత్తులో వేలాడే మనిషికి ఆ గండం బాగా తగ్గుతుంది. కరీబియన్ దీవుల వాసులు ఇలా పడుకోవడం కొలంబస్ 1492లో చూశాడు. హ్యామక్ అన్న మాట కూడా వారిదే. 1597 నాటికి ఇంగ్లండ్ నౌకాదళం తన నావికులకు దాన్ని అధికారికంగా ఇచ్చింది. ఎగుడుదిగుడు నేలా, తడీ, పురుగూ పుట్రా ఏవీ పట్టని పడక అది.

తెలుగువారికి ఇందులో వింత లేదు. పాత చీర మడిచి దూలానికి కడితే తొట్టెల. చిక్కంతా ఈ పరిచయంతోనే వస్తుంది. పసిబిడ్డను మోసిన చీర పెద్దమనిషిని మోస్తుందన్న ధీమాతో ఇంట్లో ఉన్న జార్జెట్ చీరనో, దుప్పటినో, బట్టలారేసే తాడునో సంచిలో పడేస్తారు. ఒంటి మీద జారడానికి నేసిన జార్జెట్‌కు బరువు మోయడం తెలియదు. ఊయలకు కావలసింది గట్టి నేత నైలాన్, మామూలు మాటల్లో పారాషూట్ గుడ్డ. పెద్దవాళ్లకు పదకొండడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు ఉంటే సుఖం. ఇంట్లో కుట్టు మిషను నడిపేవారికి అంచులు మడిచి కుట్టడం పెద్ద పని కాదు.

పట్టీల దగ్గర మాత్రం పొదుపు పనికిరాదు. సన్నని నైలాన్ తాడు బరువుకు సాగుతుంది. నడుమెత్తులో పడుకున్నవాడు తెల్లారేసరికి నేలను తాకుతాడు. పైగా చెట్టు బెరడును కోస్తుంది. ఆకులు వండిన ఆహారం వేళ్లకు చేరేది ఆ బెరడులోంచే. కనీసం అంగుళం వెడల్పున్న పాలియెస్టర్ పట్టీ అయితే సాగదు, చెట్టును నొప్పించదు. సూరత్‌ను నిలబెట్టిన దారం అదే కదా. ఊయలకు రెండు పట్టీలు, ఒక్కొక్కటి పది పన్నెండడుగులు.

పట్టీ వాలు ఎంతుండాలో లెక్క ఉంది. నేలకు సమాంతరమైన గీతతో ముప్ఫై డిగ్రీలు ఉంటే 70 కిలోల మనిషి పడుకున్నప్పుడు ఒక్కో పట్టీ మీద పడే లాగుడు సుమారు 70 కిలోలు. చూడ్డానికి చక్కగా ఉంటుందని బిగలాగి పది డిగ్రీలకు తెస్తే అదే మనిషికి ఒక్కో వైపు 200 కిలోలు. తెగేది పట్టీయో, కుట్టో, కొమ్మో. వాలు కొలవడానికి పరికరమేదీ అక్కర్లేదు. బొటనవేలు పైకీ, చూపుడువేలు ముందుకూ చాచితే ఆ రెండు కొసలను కలిపే గీత ఇంచుమించు ముప్ఫై డిగ్రీలు. కూర్చున్నప్పుడు గుడ్డ కుర్చీ ఎత్తులో, అడుగున్నరలో ఉండాలి. ఇక పడుకోవడం నిలువునా కాదు, ఐమూలగా. అలా పడుకుంటే వీపు అరటికాయలా వంగదు. ఈ ఒక్క సంగతి తెలియకే తొలి రాత్రి నడుం పట్టేసి హ్యామక్‌ను తిట్టుకునేవారు ఎందరో.

తొలిసారి వెళ్లేవారు సంచిలో మరిచేది వీపు కిందికి కావలసిన వెచ్చదనం. వంటికి కప్పుకునేదే చాలనుకుంటారు. గాలిలో వేలాడే గుడ్డకు అడుగున వెచ్చని నేల లేదు, వీపు కింద నలిగిన దుప్పటిలో గాలి నిలవదు. ఎండాకాలపు సూరత్‌ను తలచుకుని బయలుదేరినవారు కార్తీక మాసపు కొండగాలికి అర్ధరాత్రి లేచి కూర్చుంటారు. ఫోము చాప ఒకటి ఊయలలో పరిస్తే సగం కష్టం తీరుతుంది. సొంతూరి నుంచి తెచ్చుకున్న గొంగడి అటక మీద ఉంటే దాన్ని ఊయల బయట, అడుగున వదులుగా వేలాడగట్టడం ఇంకా మేలు. ఉన్ని నలగదు కాబట్టి గాలిని పట్టి ఉంచుతుంది. బరువైనదే. కానీ బస్సు దిగి విడిది దాకా మోసే దూరానికి సరుకులు కొనే డబ్బు మిగులుతుంది.

దీపావళి తర్వాత కూడా డాంగ్‌లో ఒకటి రెండు జల్లులు పడొచ్చు. ఊయల పైన ఐమూలగా టార్పాలిన్ పట్టా, దాని మూలలకు నాలుగు తాళ్లు. పట్టీ మీదుగా జారే నీరు ఊయలలోకి రాకుండా పట్టీకి ఒక జానెడు దారం వేలాడగడితే నీటిచుక్కలు అక్కడే రాలిపోతాయి. నేతగాళ్లకు ఇలాంటి కిటుకు రెండోసారి చెప్పనక్కర్లేదు. దోమతెర ఊయలను అడుగు నుంచి కూడా కప్పేదై ఉండాలి. వీపుకు అంటుకున్న పలుచని గుడ్డలోంచి దోమ నింపాదిగా కుడుతుంది.

అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం పిల్లల గురించి. ఊయల అనగానే వారికి ఆట. ఇంట్లో చీర ఊయలలో గిరగిరా తిరిగి, ఆ చీరే మెడకు బిగుసుకుని పిల్లలు చనిపోయిన వార్తలు తెలుగు పత్రికల్లో పదేపదే వస్తున్నవే. అడవిలోనూ గుడ్డ అదే. పగలు ఆడేటప్పుడు ఒక పెద్దమనిషి చేతికందేంత దగ్గరే ఉండాలి, మెలితిప్పి తిరగడం పూర్తిగా మానాలి. ఏడాది నిండని బిడ్డను రాత్రి ఇందులో పడుకోబెట్టకూడదు. ముఖం గుడ్డలో కూరుకుపోతే పక్కకు తిప్పుకునే శక్తి ఉండదు. ఒక ఊయలలో ఒక్కరే. ఒకదాని పైన ఒకటి కట్టి ఫొటోలు దిగే వేడుక యువకులకు వదిలేయొచ్చు. చంటిబిడ్డ ఉన్న తల్లికీ, మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మకూ విడిదిలో ఒక గది తీసుకుంటే తప్పేమీ లేదు. హ్యామక్ విడిది అన్నాం కదా అని అందరూ వేలాడాలన్న పంతం అనవసరం.

చిన్న సామాన్లు తక్కువే. తలకు కట్టుకునే టార్చి, ఓఆర్ఎస్ పొట్లాలు, గాయానికి మందు, నీళ్ల డబ్బా, చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక సంచి. ఆంధ్ర, తెలంగాణల్లో మాదిరే గుజరాత్‌లోనూ అంబులెన్సుకు 108. కానీ లోయలో సిగ్నల్ ఉంటుందన్న భరోసా లేదు కాబట్టి దగ్గరి ప్రభుత్వాసుపత్రి ఎక్కడో విడిదివారిని ముందే అడిగి ఉంచుకోవాలి. స్పీకరు ఇంట్లోనే ఉండనివ్వాలి. సాంచాల చప్పుడు నుంచి రెండు రోజులు తప్పించుకోవడానికే కదా ఈ ఖర్చు.

చేరడం మాత్రం మధ్యాహ్నం మూడింటికల్లా కావాలి. చెట్టు కాండం కనీసం జానెడు మందం ఉందా, పైన ఎండుకొమ్మ వేలాడుతోందా అన్నది చూడ్డానికి వెలుతురు కావాలి. వెదురుకు కట్టరాదు, విడిది పందిరి స్తంభానికి అసలే వద్దు. తొలి ఊయలను నేలకు జానెడెత్తులో కట్టి, ఇంట్లో అందరికన్నా బరువైనవారిని ముందు కూర్చోబెట్టాలి. వారు మెల్లగా బరువు వదిలి, పట్టీ సర్దుకుని, ముడి కదలలేదని తేలాకే మిగతావి పైకెత్తి కట్టడం. పిల్లలు అప్పటిదాకా నది వైపు పోకుండా చూసే పని ఇంకొకరిది.