సీజర్ చేరిన సరస్సు

ఒక రాత్రి హాస్టల్లో కరెంటు పోయినప్పుడు మొదలైన గొడవ ఇది. ఇప్పటికీ తెగలేదు, అందుకే మీ ముందు పెడుతున్నాం. 'ప్లానెట్ ఆఫ్ ద ఏప్స్' సినిమాల్లో ఏ ముగింపు గొప్పది?

ఒక సీనియర్ అన్న అప్పుడే అడ్డం పడ్డాడు. "కోతుల సినిమా మనకెందుకురా? బయటోళ్లు మనల్ని ఏమని వెక్కిరిస్తారో తెలీదా?" తెలుసన్నా. కాలేజీలో చేరిన మొదటి నెలలోనే మాలో సగం మంది ఆ మాట విన్నాం. మేం ఏప్స్ కాదు. కానీ అడవి నుంచి వెళ్లగొట్టడం, నీ మాట మాటే కాదనడం తెర మీద కనబడితే, ఆ బాధ ఏంటో మాకు ఎవరూ వివరించక్కర్లేదు.

ఎక్కడ అడిగినా 1968 నాటి మొదటి సినిమాకే ఎక్కువ ఓట్లు. టేలర్ గుర్రం మీద సముద్రం ఒడ్డున పోతూ, ఇసుకలో సగం కూరుకుపోయిన స్వేచ్ఛా విగ్రహాన్ని చూస్తాడు. వేరే గ్రహం అనుకున్నది తన భూమే. మోకాళ్ల మీద కూలబడి ఏడుస్తాడు. చివర్లో సంగీతం కూడా ఉండదు, అలల చప్పుడే. మేమూ నోరు తెరుచుకుని చూశాం. అయితే ఆ విగ్రహం నిలబడ్డ చోటు, తెల్లవాళ్లు రాకముందు, లెనాపే ఆదివాసులది. వాళ్ల లోకం ఎప్పుడో పోయింది, దాన్ని చూసి ఏ టేలరూ ఇసుకలో పడి ఏడవలేదు. (1970 నాటి రెండో సినిమాలో బాంబు పేలి భూమే పోతుంది. దానికి మా దగ్గర ఒక్క ఓటూ పడలేదు.)

అసలు కొట్లాట 1972 నాటి 'కాంక్వెస్ట్' దగ్గర వచ్చింది. అందులో ఏప్స్ బానిసలు, సీజర్ వాళ్లను తిరగబెడతాడు. 1965లో లాస్ ఏంజిల్స్‌లోని వాట్స్‌లో నల్లజాతివాళ్ల తిరుగుబాటు జరిగింది కదా, దాని నీడ ఈ కథ మీద ఉంది. మొదట తీసిన ముగింపులో గవర్నర్‌ని కొట్టి చంపేస్తారు. ముందుగా చూపించిన ప్రేక్షకులు తట్టుకోలేకపోయారని దాన్ని మార్చారు. లిసా అనే చింపాంజీ "వద్దు" అంటుంది, సీజర్ మెత్తబడతాడు. కొత్త మాటలకు పెదాలు కలవవు కాబట్టి అతని కళ్లే దగ్గరగా చూపించారు. మా బ్యాచ్‌లో ఒకామె ఇక్కడే మండిపడింది. "మన కోపం ఎంతవరకు పోవాలో కుర్చీలో కూర్చుని చూసినోళ్లు తేల్చారా?" అంది. ఇంకొకడు ఒప్పుకోలేదు. అంతకుముందు వచ్చిన 1971 సినిమాలో, ఏప్స్ చరిత్రలో మొదట పలికిన మాట "వద్దు" అనే అని ఒక కథ చెప్తారు. మనుషులు వాళ్లను అదిలించడానికి వాడిన మాటనే వాళ్లు తిప్పి అన్నారు. అదే మాట తన నాయకుడితోనూ అనగలిగింది కాబట్టే లిసా గొప్పదంటాడు వాడు. ఇద్దరూ రెండ్రోజులు మాట్లాడుకోలేదు.

మాలో ఎక్కువమంది 2017 నాటి 'వార్' వైపు. ఎడారి దాటించి తన వాళ్లను సరస్సు దగ్గరికి చేర్చి, గాయంతో సీజర్ అక్కడే కన్నుమూస్తాడు. నువ్వెవరివో, మాకోసం ఏం చేశావో నీ కొడుక్కి తెలుస్తుందని మోరిస్ మాటిస్తాడు. ఏడవనోళ్లు లేరు.

ఏడవనోడు ఒక్కడున్నాడు. వాడిది గోదావరి ఒడ్డున ముంపు ఊరు. ఇప్పుడు కాలనీలో వరసగా కట్టిన సిమెంటు ఇళ్లలో ఉంటున్నారు. "చేరగానే సినిమా ఆపేశాడు. తర్వాత రోజు పొద్దున్న ఏం తిన్నారో, కట్టెలకు ఎటు పోయారో చూపించలేదు" అన్నాడు. చేరారు కదా, అదే చాలదా అని మేం వాదించాం. "మోరిస్ ఇచ్చిన మాట ఏమైందో 2024 సినిమాలో చూడండి" అన్నాడు.

నిజమే. ఎన్నో తరాల తర్వాత నడిచే ఆ కథలో, నోవా అనే చింపాంజీకి సీజర్ ఎవరో కూడా తెలీదు. ప్రాక్సిమస్ అనే రాజేమో సీజర్ పేరు, సీజర్ మాటలు చెప్పుకునే తోటి ఏప్స్‌తో వెట్టిచాకిరీ చేయిస్తాడు. చివరికి నోవా తన వాళ్లతో కాలిపోయిన ఊరికి తిరిగొచ్చి మళ్లీ కట్టుకుంటాడు. వీడ్కోలు చెప్పడానికి వచ్చిన మే అనే అమ్మాయి వీపు వెనక తుపాకీ పట్టుకుని మాట్లాడుతుంది. మావాడి ఓటు దీనికే. తుపాకీ ఉందని కాదు, ఊరికి తిరిగొచ్చారని.

వాడి అవ్వ ఇప్పటికీ నీళ్ల కింద ఉన్న చింతచెట్టు, వాగు రేవు, పోడు చేను ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్తుందట. ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు ఫోన్‌లో రికార్డు చేసుకొస్తానన్నాడు. మాలో ఇద్దరం వాడితో పోతున్నాం. మీ ఓటు దేనికో కింద రాయండి.