పాప ఇంటిపేరు మార్చే ముందు

పెళ్లయిన కొత్తలో మీ ఇంటిపేరు మారినప్పుడు "నీకిష్టమేనా అమ్మాయ్?" అని మిమ్మల్ని ఎవరైనా అడిగారా? నన్నయితే ఎవరూ అడగలేదు. శుభలేఖ మీద ఒక పేరు, రేషన్ కార్డులో చేర్పించేసరికి ఇంకో పేరు. అంతే! పుట్టింట్లో ఒకటి, అత్తింట్లో ఒకటి... అది మామూలే కదా అనుకుంటాం. నా విషయానికొస్తే, ఇప్పటికి మూడు ఇంటిపేర్లు మోసినదాన్ని.

మనకంటే సరే. మరి పసిపిల్ల ఇంటిపేరు మార్చాల్సి వస్తే? అది అంత తేలికగా తీసుకునే విషయం కాదని నా అనుభవం. మీ ఇంట్లోనో, మీ చెల్లెలి ఇంట్లోనో ఎప్పుడైనా ఈ అవసరం పడవచ్చు. అందుకే నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా పాప 2014లో పుట్టింది. దానికి రెండేళ్లు నిండకుండానే వాళ్ల నాన్న పోయారు. 2018లో పెద్దవాళ్లు పూనుకుని నాకు మళ్లీ పెళ్లి చేశారు. మరుసటి ఏడు బాబు పుట్టాడు. ఇప్పుడు ఇంట్లో మేం నలుగురం. మావారు పాపని ఏనాడూ వేరుగా చూడలేదు. అదీ ఆయన్ని 'నాన్నా' అనే పిలుస్తుంది. కానీ మా ముగ్గురి పేర్ల ముందు ఒక అక్షరం, దాని పేరు ముందు ఇంకో అక్షరం!

ఇంట్లో ఈ సంగతి ఎవరికీ పట్టలేదు. 2023లో బాబుని అదే స్కూల్లో చేర్చడానికి వెళ్లినప్పుడు బయటపడింది. అప్లికేషన్‌లో అక్క పేరు చూసి అక్కడి ఉద్యోగి "ఈ అమ్మాయి మీ సొంత కూతురేనా అండీ?" అని పాప ఎదురుగానే అడిగేశాడు. దారి పొడుగునా అది మాట్లాడలేదు. రాత్రి అన్నం తింటూ "అమ్మా, తమ్ముడి పేరు ముందున్న అక్షరం నాకెందుకు లేదు?" అంది. తొమ్మిదేళ్ల పిల్లకి ఏం చెప్తాం?

తలా ఒక మాట అన్నారు. "ఆడపిల్లే కదా, పెళ్లయితే ఎలాగూ మారేదే. ఇప్పుడెందుకీ తిప్పలు?" అని ఒకరు. "ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్నట్టు, పేరులో ఏముందమ్మా!" అని ఇంకొకరు. "మార్చావంటే ఆ తండ్రి ఆస్తి పాపకి రాదు" అని మరొకరు భయపెట్టారు. సరే, ఎవరో చెప్పింది కాదు, అసలు చట్టంలో ఏముందో తెలుసుకుందామని తెలిసిన లాయరుగారి దగ్గరికి వెళ్లాను.

ఆయన చెప్పిన మొదటి సంగతి నాకు ఎంతో ధైర్యమిచ్చింది. సరిగ్గా నాలాంటి పరిస్థితే మన తెలుగు తల్లి ఒకావిడకి వచ్చింది. భర్త పోయాక ఆవిడ మళ్లీ పెళ్లి చేసుకుంది. బాబు ఇంటిపేరు విషయంలో మొదటి అత్తమామలతో పేచీ వచ్చి కోర్టుకెక్కింది. హైకోర్టు పాత ఇంటిపేరే పెట్టమంది. రికార్డుల్లో కొత్త భర్త పేరు రాయాల్సి వస్తే 'సవతి తండ్రి' అని రాయమంది. ఆవిడ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 జూలై 28న తీర్పు వచ్చింది. తండ్రి లేనప్పుడు బిడ్డకి సహజ సంరక్షకురాలు తల్లే కాబట్టి ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఆవిడదే అన్నారు. 'సవతి తండ్రి' అని రాయమనడం దాదాపు క్రూరత్వమేనని కూడా జడ్జీలు అన్నారు. రోజూ స్కూలుకి వెళ్లే బిడ్డ మనసు మీద ఆ మాట ఎంత దెబ్బో వాళ్లు ఆలోచించారు చూడండి!

రెండో సంగతి. హిందువులకి వర్తించే 1956 నాటి సంరక్షకత్వ చట్టం ప్రకారం, మళ్లీ పెళ్లి చేసుకున్నంత మాత్రాన తల్లికి బిడ్డ మీద హక్కు పోదు. అయితే ఆ చట్టంలో 'తండ్రి' అంటే మారుతండ్రి లెక్కలోకి రాడు. అందుకే కాగితాల మీద సంరక్షకురాలిగా సంతకం నాదే, మావారిది కాదు.

మూడోది ఆస్తి సంగతి. ఇంటిపేరు మారితే వారసత్వం పోదు. కన్నతండ్రి ఆస్తిలో బిడ్డకి వచ్చే హక్కు రక్తసంబంధంతో వచ్చింది గానీ పేరు ముందు అక్షరంతో వచ్చింది కాదు. దత్తత మాత్రం వేరే సంగతి. మారుతండ్రి చట్టప్రకారం దత్తత తీసుకుంటే కన్నతండ్రి కుటుంబంతో బిడ్డకి చట్టపరమైన బంధం తెగిపోతుంది. అప్పటికే బిడ్డకి సంక్రమించిన ఆస్తి మాత్రం బిడ్డదే. మేం దత్తత దాకా వెళ్లలేదు. పాపకి ఆ ఇల్లూ కావాలి, ఈ ఇల్లూ కావాలి. ఇంటిపేరు ఒక్కటీ మారిస్తే చాలనుకున్నాం.

హక్కు నాదని తెలిసింది. కానీ సంతకం పెట్టే ముందు అమలాపురం వెళ్లాను. పాప మామ్మ, అంటే నా మొదటి అత్తగారు అక్కడే వుంటారు. మామగారు లేరు. ప్రతి వేసవి సెలవులకీ పాపని తీసుకెళ్తూనే వుంటాను. ఆవిడకి కొడుకు గుర్తుగా మిగిలింది ఇదొక్కతే. ఎవరి నోటి నుంచో వింటే ఆ తల్లి మనసు ఏమైపోతుంది?

అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నారావిడ. "అత్తయ్యగారూ, మీతో ఒక మాట చెప్పాలి" అని మొదలుపెట్టి అంతా చెప్పాను. తలెత్తలేదు. చేతులు మాత్రం పని చేస్తూనే వున్నాయి. చాలాసేపటికి "వాడి పేరు ఇంకెక్కడా లేకుండా పోతుందేమోనమ్మా" అన్నారు. అంతే. కోపమూ లేదు, కాదనడమూ లేదు. ఆ మాటకి నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"లేదు అత్తయ్యగారూ. ఇంటిపేరే మారుతుంది. తండ్రి పేరు దగ్గర మీ అబ్బాయి పేరే వుంటుంది. అది ఎవ్వరూ మార్చరు" అని చెప్పాను. గుమ్మంలో నిలబడి అంతా వింటున్న పాప వచ్చి "మామ్మా, నీకు బాధయితే వద్దులే" అని ఆవిడ ఒళ్లో తల పెట్టింది. ఆవిడ దాని జుట్టు నిమురుతూ వుండిపోయారు.

మర్నాడు మేం బయల్దేరుతుంటే ఒక స్టీలు గ్లాసు తెచ్చి పాప చేతిలో పెట్టారు. వాళ్ల నాన్న చిన్నప్పటిదట. దానిమీద ఇంటిపేరుతో సహా ఆయన పేరు చెక్కి వుంది. "కాగితం మీద ఏ పేరు రాయించుకున్నా పాలు మాత్రం ఇందులో తాగు తల్లీ" అన్నారు. ఇవాళ్టికీ దానికి పాలూ, బోర్నవిటా అందులోనే. తమ్ముడు ముట్టుకుంటే ఊరుకోదు!

ఇక పని ఎలా జరుగుతుందో చెప్తాను. ముందు స్టాంపు కాగితం మీద అఫిడవిట్ రాయించి నోటరీ చేయించాలి. పాత పేరు, కొత్త పేరు, కారణం, తల్లిగా మీరు ఇస్తున్నారన్న సంగతి అందులో వుండాలి. మేం ఒక తెలుగు పేపర్లో, ఒక ఇంగ్లీషు పేపర్లో ప్రకటన వేయించాం. తర్వాత గెజిట్‌కి దరఖాస్తు. మైనర్ల పేరు మార్పుకి వేరే ఫారం వుంటుంది, చూసుకోండి. పాప బర్త్ సర్టిఫికెట్, వాళ్ల నాన్న డెత్ సర్టిఫికెట్, నా పెళ్లి సర్టిఫికెట్ ప్రతి చోటా అడిగారు. నాలుగేసి జిరాక్సులు ముందే తీయించి పెట్టుకోండి.

గెజిట్ కాపీ వచ్చాక స్కూలు, ఆధార్, బ్యాంకు వరసగా మార్పించుకోవాలి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు. అందుకని స్పెల్లింగు ఒకటికి నాలుగుసార్లు సరిచూసుకోండి. బర్త్ సర్టిఫికెట్ జోలికి మేం వెళ్లలేదు. దాని పక్కన గెజిట్ కాపీ జతపెడితే మాకు సరిపోయింది. జనన నమోదు రిజిస్టరులో ఏదైనా సవరించాల్సి వచ్చినా పక్కన మార్జిన్‌లో రాస్తారు గానీ అసలు నమోదుని చెరిపెయ్యరు. 1969 నాటి చట్టం అలాగే చెప్పింది. ఇంకో ముఖ్యమైన మాట. పదో తరగతి సర్టిఫికెట్ మీద పడ్డ పేరే ఆ తర్వాత అన్నింటికీ ఆధారం. స్కూలువాళ్లు పదో తరగతి నామినల్ రోల్స్ పంపకముందే ఈ పని పూర్తి చేసుకోండి.

ఒక ఆఫీసులో తండ్రి పేరు దగ్గర మావారి పేరు వేసి పక్కన 'సవతి తండ్రి' అని రాస్తామన్నారు. సుప్రీంకోర్టు తీర్పు కాపీ చూపించి వద్దన్నాను. కన్నతండ్రి పేరే వుంచారు.

తండ్రి బతికి వున్నవాళ్ల సంగతి వేరు. విడాకులయినా ఆయన తండ్రి కాకుండా పోడు. ఇద్దరూ ఒప్పుకుని సంతకాలు చేస్తే గొడవే లేదు. ఒప్పుకోకపోతే ముందు లాయరుని కలవండి. తండ్రి వుండి కూడా బిడ్డని పట్టించుకోకపోతే తల్లే సంరక్షకురాలు కావచ్చని రచయిత్రి గీతా హరిహరన్ వేసిన కేసులో 1999లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పాస్‌పోర్టుకి కూడా తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరిస్తే చాలని 2016 డిసెంబరులో నిబంధనలు మార్చారు.

ఇన్ని చెప్పాను గానీ, అన్నిటికంటే ముందు చేయాల్సింది పిల్లని అడగడం. మనల్ని ఎవరూ అడగలేదు కదా, వాళ్లనైనా అడుగుదాం. ఆ పాత ఇంటిపేరు ఎవరిదో, ఆయన ఎలా వుండేవారో, ఏం ఇష్టంగా తినేవారో కూడా చెప్పండి. అటువైపు పెద్దవాళ్లుంటే కాగితం చేరకముందే మీ నోటితో మీరే చెప్పండి. ఆ కబురు నోటీసు రూపంలో వెళ్తే ఎంత మంచి పనైనా పగే అవుతుంది.

పద్దెనిమిదేళ్లు నిండాక తన పేరు తనకిష్టమైనట్టు తనే మార్చుకోవచ్చని మా పాపకి చెప్పి వుంచాను. మీరూ మీ పిల్లలకి ఆ మాట చెప్పండి.