నవాగామ్ సాంచెల నుంచి తాపీ మొగ దాకా

నవాగామ్‌లో మా ఇంట్లో అందరం గట్టిగానే మాట్లాడేవాళ్లం. గోడ పక్కనే సాంచెలు, అంటే మరమగ్గాలు. పాళీలు మారేవి తప్ప ఆ చప్పుడు ఆగేది కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ నుంచి సూరత్‌కు బతుకుదెరువుకొచ్చిన పద్మశాలీలు మా గల్లీలోనూ, అటు లింబాయత్, దిండోలిలోనూ అల్లుకుపోయి ఉండేవారు. మునిసిపల్ బడిలో తెలుగు చదువు, వీధిలో బతుకమ్మ. సముద్రంతో మాత్రం మాకు చుట్టరికం లేదు. మా తాతలు ఎరిగిన నీళ్లు చెరువు నీళ్లే. డుమస్ సముద్రతీరం అంటే ఎప్పుడన్నా పోయి, వేడివేడి టమాటా భజియాలు తిని, నల్ల ఇసుకలో నడిచి వచ్చే చోటు.

మా బాపుకు అది చాలలేదు. మగ్గాల ఖాతాలో తన పక్క సాంచె నడిపే ఒకతని బంధువులు తాపీ సముద్రంలో కలిసేచోట చేపలు పట్టేవారు. సెలవు దొరికితే వాళ్ల చిన్న పడవలో, అక్కడి మాటలో హోడిలో, కూర్చోవడానికి నన్ను వెంట తీసుకుపోయేవాడు.

అక్కడ గడియారం చెల్లదు. హోడి నడిపే కాకా ముందుగా అడిగేది తిథి. ఖంభాత్ అఖాతం లోపలికి పోను పోను గరాటులా ఇరుకవుతుంది. అందుకే పోటు నీళ్లు పైకి ఎగదన్నుతాయి. అవతలి ఒడ్డున భావ్‌నగర్ దగ్గర పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం పది మీటర్ల దాకా మారుతుంది. మన దేశంలో అంత తేడా ఉండే చోట్లు అరుదు. అమాసకూ పున్నానికీ ఆ ఉరవడి ఇంకా ఎక్కువ. తిథి లెక్క తప్పితే నీళ్లు దిగిపోయి హోడి బురదలో కూలబడుతుంది, మళ్లీ పోటు వచ్చేదాకా కదలదు.

నీళ్లు దిగుతుంటే బురద బయటపడేది. చూడ్డానికి ఏమీ లేనట్టే ఉండేది. కాకా తెడ్డు ఎత్తి పట్టుకుని హోడిని ఊరికే వదిలేసేవాడు. కాసేపటికి బురదకు కళ్లు మొలిచేవి.

"బాపూ, చేప నడుస్తున్నది!"

"సప్పుడు చెయ్యకు బిడ్డా, సూడు."

అవి లేవ్టాలు. తల మీద ఉబ్బిన రెండు కళ్లు, ముందు రెక్కలే కాళ్లు. తడి ఆరనంతవరకు చర్మంతోనూ గాలి పీల్చుకుంటాయి. మొప్పల అరల్లో కాసిని నీళ్లు దాచుకుని గట్టున తిరుగుతాయి. బురద మీది నాచును, మూతి అటూ ఇటూ తిప్పుతూ గీకి తింటాయి. మగది వీపు మీది రెక్కను విప్పి ఒక్కసారిగా గాల్లోకి ఎగిరేది. పక్క బొరియ మగది ఊరుకుంటుందా, అదీ ఎగిరేది. వాటి నడుమ పీతలు, ఒక డెక్క చిన్నది, ఒకటి ఒళ్లంత పెద్దది. ఆ పెద్ద డెక్కను ఎత్తి ఎవరినో పిలుస్తున్నట్టు ఊపేవి. నా నీడ పడిందంటే చాలు, బురద మళ్లీ ఖాళీ. సాంచెల మధ్య పుట్టిన నాకు నోరు మూసుకుని కూర్చోవడం నేర్పింది ఈ జీవులే. లేవ్టాలను అక్కడివాళ్లు ఇష్టంగా వండుకుంటారు. నేను మాత్రం ఎన్నడూ తినలేకపోయాను.

చలికాలంలో గోధుమరంగు తల గల్ పక్షులు టిబెట్, మధ్య ఆసియా సరస్సుల నుంచి దిగేవి. సూరత్‌లో జనం తాపీ గట్టున నిలబడి వాటికి గాఠియా విసురుతారు. ప్రేమతోనే, కాదనను. కానీ అంత దూరం ఎగిరొచ్చిన పక్షికి నూనెలో వేయించిన శనగపిండి పెట్టడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. మొగ దగ్గర అవి తమ తిండి తామే పట్టుకునేవి, చూడాల్సింది అక్కడే.

ఒకనాడు డుమస్ ఎదురుగా, టీ రంగు నీళ్లలో, బూడిదరంగు వీపొకటి లేచి మునిగింది. మూపురం ఉన్న డాల్ఫిన్. లోతు తక్కువైన తీరపు నీళ్లే దాని ఇల్లు, బురద కలిసినా దానికి పట్టింపు లేదు. బాపు నా భుజం గట్టిగా నొక్కాడు. తిరుగు బస్సులో ఆయన మాట్లాడింది దాని గురించే.

తిమింగల సొరను మేం చూడలేదు, దాని దారి సౌరాష్ట్ర వైపు. నలభై అడుగుల దాకా పెరిగినా, నీటిలో తేలే సూక్ష్మజీవులనూ చిన్న చేపలనూ వడగట్టుకుని తినే సాధువు. దాన్ని కొక్కేలకు పీపాలు కట్టి వేటాడేవారని, అందుకే ఆ చేపనే 'బ్యారల్' అనేవారని కాకా చెప్పాడు. 2001లో మన వన్యప్రాణి చట్టం దాని వేటను నిషేధించింది. 2004లో రామకథలు చెప్పే మొరారీ బాపు ఊరూరా జాలరులకు చెప్పిన మాట మాత్రం చట్టం కంటే లోతుగా దిగింది: అది పురుటికి పుట్టింటికొచ్చే ఆడబిడ్డ అని. ఆ తర్వాత వలలో చిక్కితే, వల కోసి మరీ వదిలేయడం మొదలైంది. తెగిన వలకు అటవీశాఖ పరిహారం ఇచ్చేది.

ఈ సంగతి మా బాపు ఇంట్లో చెప్పినప్పుడు అవ్వ కండెలు చుడుతోంది. చెయ్యి ఆపింది.

"మరి ఇన్నేండ్లు సంపుకుంటనే ఉన్నరా? దానికి మల్ల ఆ దారి మీద నమ్మకం ఎట్ల కలుగుతది?"

బాపు దగ్గర జవాబు లేదు. "కాకాను అడుగుత," అన్నాడు.