పక్కకు జరిగితే శిక్ష, లోయలో పడితే విచారణ

హార్నెస్ రేసింగ్ అని ఒక ఆట ఉంది. మన దగ్గర లేదు కాబట్టి ముందు అదేంటో చెప్పాలి. ఇందులో గుర్రం మీద మనిషి ఎక్కడు. గుర్రం వెనక సల్కీ అనే రెండు చక్రాల చిన్న బండి కడతారు. డ్రైవరు అందులో కాళ్ళు ముందుకు చాపుకుని కూర్చుంటాడు. మలక్‌పేట గుర్రాల్లాగా దౌడు తియ్యడం కుదరదు, ఒక పద్ధతి ప్రకారం అడుగులేస్తూనే వేగంగా పోవాలి. గుర్రం అడుగు తప్పి దౌడు అందుకుందా, డ్రైవరు పగ్గాలు లాగి దాన్ని మళ్ళీ దారిలోకి తేవాలి. ఈలోపు వెనకున్నోళ్ళు దాటేసి పోతారు. మా కరీంనగర్ దిక్కు జాతరల్లో గుడి చుట్టూ ఎడ్లబండ్లు తిప్పడం చూసినవాళ్ళకి సగం అర్థమైపోయినట్టే. కాకపోతే ఇక్కడ పదీ పన్నెండు బండ్లు, చక్రం పక్కన చక్రం, ఆనీ ఆననట్టు పోతుంటాయి.

ఈ ఆట నాకెలా తెలుసంటారా? ఒక ప్రాజెక్టు పని మీద కొన్నాళ్ళు న్యూజీలాండ్‌లో, క్రైస్ట్‌చర్చ్‌లో ఉన్నాను. ఆ ఊళ్ళో ఆడింగ్టన్ అని పేరున్న రేసుకోర్సు ఉంది. మా ఆఫీసులో ఒకాయనకి ఈ రేసుల పిచ్చి, ఒక శుక్రవారం సాయంత్రం నన్నూ లాక్కుపోయాడు. పందెం కాసే అలవాటు నాకు లేదు. గుర్రాల గురించి అంతకన్నా తెలీదు. కానీ మర్నాడు ఆయన పంపిన ఒక లింకు మాత్రం నన్ను పట్టేసుకుంది. ఏ డ్రైవరు ఎక్కడ అజాగ్రత్తగా బండి తోలాడో, దానికి ఎంత శిక్ష పడిందో, ఎందుకు పడిందో వివరంగా రాసిన తీర్పులవి. రేసు రేసుకీ, తేదీతో సహా, ఎవరైనా చదువుకునేలా పెట్టారు. 2021 జూన్ దాకా జ్యుడీషియల్ కంట్రోల్ అథారిటీ అనే సంస్థ ఈ తీర్పులు ఇచ్చేది. ఆ ఏడు జులై 1 నుంచి రేసింగ్ ఇంటెగ్రిటీ బోర్డు చూస్తోంది.

నేను కోడ్ రాసుకుని బతికేవాడిని. ఏదైనా సర్వరు పడిపోతే ఎందుకు పడిందో రిపోర్టు రాయడం మాకు మామూలే. అందుకేనేమో, ఈ తీర్పులు కథల పుస్తకంలాగా వరసపెట్టి చదివాను. దాదాపు అన్నిటిదీ ఒకటే వరస. అక్కడి రూల్స్‌లో 869(3)(బి) అని ఒకటుంది, రేసులో అజాగ్రత్తగా తోలకూడదు అని. ఫలానా డ్రైవరు చివరి మలుపులో, పక్క గుర్రాన్ని పూర్తిగా దాటకుండానే లోపలికి జరిగాడు. దాంతో పక్క గుర్రం అడుగు తప్పింది. అంతే, అభియోగం అయిపోయింది. "నిర్లక్ష్య ధోరణితో సంస్థ పరువు తీశాడు" లాంటి పెద్ద మాటలు వెతికినా కనపడవు. ఎక్కడ, ఏ గుర్రం, ఎంత జాగా ఉంది, ఎంత ఉండాలి, ఇంతే.

తర్వాత డ్రైవర్ని అడుగుతారు, ఒప్పుకుంటావా లేదా అని. రెండు మూడు వైపుల నుంచి తీసిన వీడియో అతని ముందే వేస్తారు. ఒప్పుకుంటే ఒప్పుకున్నాడని రాస్తారు. "నా గుర్రమే అటు లాగింది, నేను ఆపుతూనే ఉన్నా" అంటే ఆ మాటా రాస్తారు. అవతలి డ్రైవరు ఏమన్నాడో కూడా రాస్తారు. చాలాసార్లు ఇదంతా అదే రోజు, అదే రేసుకోర్సులో అయిపోతుంది. చివర్లో శిక్ష. దాన్ని కూడా గాల్లోంచి తియ్యరు. ఇలాంటి తప్పుకి ఇంత అని ముందే రాసిపెట్టుకున్న ఒక కొలత ఉంటుంది. అక్కడ మొదలుపెట్టి, ఇతను ఏడాదికి ఎన్ని రేసులు తోలతాడు, ఇంతకు ముందు ఎన్నిసార్లు దొరికాడు, తప్పు ఒప్పుకున్నాడా, పక్కవాడికి ఎంత నష్టమైంది, ఇవన్నీ చూసి పెంచడమో తగ్గించడమో చేస్తారు. జరిమానా, లేదా కొన్ని రోజుల సస్పెన్షన్. ఆ రోజులు అయ్యాక మనిషి మళ్ళీ వచ్చి పగ్గాలు పట్టుకుంటాడు. ఎవడూ అతన్ని దొంగని చూసినట్టు చూడడు.

ఆస్ట్రేలియా వాళ్ళ రూల్స్‌లో 168వ నియమం తప్పుల్ని విడదీస్తుంది. అజాగ్రత్తగా తోలడం వేరు, తెగించి తోలడం వేరు, చేతకాక తోలడం వేరు. మూడింటికీ మూడు పేర్లు. మన దగ్గర మూడింటికీ కలిపి ఒకటే మాట, "డ్రైవర్ నిర్లక్ష్యం". పేపర్లో అదే, పోలీసు కాగితంలో అదే, టీ కొట్టు దగ్గరా అదే.

నేను గమనించిన ఇంకో సంగతి, ఈ తీర్పుల్లో చాలావాటిలో ఎవరికీ ఏమీ కాలేదు. గుర్రం పడలేదు, మనిషికి గీత పడలేదు. ఒక గుర్రం నాలుగడుగులు తడబడింది, అంతే. అయినా పిలిచారు, అడిగారు, రాశారు, శిక్ష వేశారు. ఏమీ కానప్పుడే అడగడంలో ఉంది కిటుకంతా.

ఇది చదువుతుంటే నాకు మా చిన్నాయన గుర్తొచ్చాడు. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలు ఎన్నున్నాయో మీకు తెలుసు కదా. అక్కడి నుంచి బండలు రైల్వే యార్డుకి తోలే లారీ మీద ఆయన చాలా ఏళ్ళు డ్రైవరు. యజమాని ఎవరన్నది ఇక్కడ అనవసరం. ట్రిప్పుకి ఇంత అని లెక్క, ఎన్ని ట్రిప్పులు కొడితే అంత మంచి డ్రైవరు. ఒకసారి ఒక ఊరి మూల మీద లారీ జోరుగా తిప్పితే గొలుసు తెగి బండ రోడ్డు పక్కన పడింది. పక్కనే బస్సు కోసం జనం నిలబడే చోటు. మిట్టమధ్యాహ్నం కాబట్టి ఒక్కరూ లేరు. క్రేను వచ్చింది, బండ లేపింది, సాయంత్రానికి ఇంకో ట్రిప్పు పడింది. ఎందుకు పడిందని ఎవరూ అడగలేదు. గొలుసు పాతదా, బరువు ఎక్కువైందా, మూల మీద స్పీడెంత? ఊహూఁ.

రెండేళ్ళ తర్వాత యార్డులో లారీ రివర్స్ చేస్తుంటే వెనక ఆపిన ఒక కొత్త కారుకి తగిలింది. వెనక నిలబడి "రానీ రానీ" అన్నవాడు వేరే. కారు యజమాని తమ్ముడిది. ఆ సాయంత్రమే చిన్నాయన పని పోయింది, నెల జీతం ఆపేశారు. ఇంటికొచ్చి ఆయన అన్నమాట నాకింకా చెవుల్లో ఉంది: "మనుషులు సావాల్సిన కాడ ఎవ్వడు అడుగలే బిడ్డా. కారుకు సొట్ట వడ్డందుకు ఇంటికి తోలిండ్రు. గిదేం లెక్క?"

నిజమే, ఇదేం లెక్క? తప్పు ఎంత పెద్దదని చూడకుండా, పోయింది ఎవరిది, ఎంత అని చూసి శిక్ష వేసే లెక్క.

ఇప్పుడు కొండగట్టు సంగతి. 2018 సెప్టెంబరు 11, మంగళవారం. శనివారంపేట నుంచి జగిత్యాల పోతున్న ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాట్ రోడ్డులో అదుపు తప్పి లోయలో పడింది. అరవైమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో చాలామంది ఆ చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు. 2016 అక్టోబరులో జగిత్యాల జిల్లా అయ్యేదాకా ఇవన్నీ మా కరీంనగర్ జిల్లా ఊళ్ళే. మా దిక్కు ఏ ఇంట్లో అడిగినా ఆ బస్సులో తెలిసినవాళ్ళో, తెలిసినవాళ్ళకి తెలిసినవాళ్ళో ఒకరుంటారు. డ్రైవరు కూడా ఆ ప్రమాదంలోనే పోయాడు.

బస్సులో దాదాపు వందమంది ఉన్నారు. బండి పాతదనీ, లక్షల కిలోమీటర్లు తిరిగిందనీ, బ్రేకులు పడలేదనీ పేపర్లు రాశాయి. ఆ డ్రైవరుకే నెల కిందట ఆగస్టు 15న ఉత్తమ డ్రైవరుగా సన్మానం జరిగిందని కూడా రాశాయి. డిపో మేనేజర్ని సస్పెండ్ చేశారు. చనిపోయినవాళ్ళ కుటుంబాలకి ప్రభుత్వం 5 లక్షలు, ఆర్టీసీ 3 లక్షలు ప్రకటించాయి.

నేను ఇక్కడ డ్రైవరు తప్పా, బ్రేకు తప్పా అని తీర్పు చెప్పబోవడం లేదు. చెప్పడానికి నేనెవర్ని? పైగా సమాధానం చెప్పాల్సిన మనిషే లేడు. నా బాధల్లా ఆ రోజు కన్నా ముందు రోజుల గురించి. మా పల్లె బస్సుల్లో సీట్లకి రెండింతల జనం ఎక్కడం ఆ మంగళవారమే మొదలు కాలేదు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ కాలేజీకి పోయినవాళ్ళం మనమంతా. ఆర్టీసీలో డ్రైవరుకి కేఎంపీఎల్ అని ఒక లెక్క ఉంటుంది, లీటరు డీజిలుకి ఎన్ని కిలోమీటర్లు తీశావు అని. నెలనెలా చూస్తారు. డీజిలు సంగతి నెలనెలా అడిగే వ్యవస్థ, మలుపులో బస్సు ఎలా తిరిగింది, వాలులో ఏ గేరులో దిగింది, ఎంతమందిని ఎక్కించుకుంది అన్నది కూడా అంతే శ్రద్ధగా, ఏమీ కాని రోజున అడగాలి కదా? లోయలో పడ్డాక అడిగితే ఎవరికి ఉపయోగం?

ఆర్టీసీలో క్రమశిక్షణ అసలు లేదని కాదు. 1967 నాటి నిబంధనలున్నాయి. ఛార్జిషీటు, విచారణ, ఇంక్రిమెంటు కోత నుంచి ఉద్యోగం తీసెయ్యడం దాకా అన్నీ ఉన్నాయి. తీసేస్తే డ్రైవరు లేబర్ కోర్టుకి పోతాడు. మా దిక్కు వాళ్ళకయితే గోదావరిఖనిలో ఉంది. 1971లో పారిశ్రామిక వివాదాల చట్టంలో 11ఏ అని ఒక సెక్షను చేర్చారు, శిక్ష తప్పుకి మించి ఉందనిపిస్తే కోర్టు తగ్గించొచ్చు అని. దాని కింద పాత జీతం లేకుండా ఉద్యోగం మాత్రం తిరిగి వచ్చినవాళ్ళు రాష్ట్రమంతా ఉన్నారు. ఏళ్ళు పట్టే పని అది. ఈలోపు ఇల్లు గడవాలి, పిల్లల ఫీజులు కట్టాలి. ఇంతా చేసి చివరికి ఏం తేలిందో ఆ బస్సెక్కే జనానికి చెప్పే ఆనవాయితీ లేదు.

చట్టమైనా అంతే. ఐపీసీ 304ఏ ప్రకారం నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం తీస్తే రెండేళ్ళ దాకా జైలు. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షనులో దాన్ని అయిదేళ్ళు చేశారు. గుద్ది, చెప్పకుండా పారిపోతే పదేళ్ళు అన్నారు. దానికే 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్లు సమ్మె చేశారు, హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు చాంతాడంత క్యూలు. చంచల్‌గూడలో ఒక డెలివరీ కుర్రాడు బైకు వదిలేసి గుర్రమెక్కి పార్సెల్ ఇవ్వడానికి పోయాడు, వీడియో మీరూ చూసే ఉంటారు. చివరికి చట్టం అమల్లోకి వచ్చినప్పుడు ఆ పదేళ్ళ ముక్క ఒక్కటి పక్కన పెట్టారు. రెండు, అయిదు, పది... అంకె పెంచుకుంటూ పోతున్నాం. ఇవన్నీ ప్రాణం పోయాక వచ్చే అంకెలే.

"మీ సాఫ్ట్‌వేర్‌లో ఎవర్నీ తప్పుపట్టకుండా రిపోర్టు రాస్తారట కదా, అది మంచిది కాదా?" అని అడగొచ్చు. మంచిదే. కానీ నేను చూసినంతలో అదీ సర్వరు పడ్డ రోజే రాస్తారు. త్రుటిలో తప్పిపోయిన రోజు ఎవరూ రాయరు. పైగా "ఎవరి తప్పూ లేదు" అని ఏళ్ళ తరబడి అనుకుంటూ వచ్చి, పెద్దది ఏదైనా పేలిన రోజున ఆఖరుగా కీబోర్డు ముట్టుకున్నవాడి మెడకి చుట్టేస్తారు. ఆ గుర్రపు బండ్ల పద్ధతి నాకు ఇందుకే నచ్చింది. తప్పుని తప్పు అంటారు, చిన్నగా ఉన్నప్పుడే అంటారు, మనిషిని మాత్రం మిగలనిస్తారు. పైగా డ్రైవరు ఒక్కడితో ఆగరు. బండికి కట్టే పట్టీలు సరిగ్గా లేకపోతే ట్రైనరుకీ జరిమానా పడుతుంది. మన లెక్కలో అంటే గ్యారేజీని, డిపోని కూడా చిన్నప్పుడే అడిగినట్టన్నమాట.

అలాగని ఆ దేశం వాళ్ళంతా మహానుభావులని నేను అనను. ఆ తీర్పులు అంత శ్రద్ధగా రాయడానికి అసలు కారణం పందెం. జనం ఆ గుర్రాల మీద డబ్బు పెడతారు. ఒకడు పక్కకు జరిగితే ఇంకొకడి డబ్బు పోతుంది. కాబట్టి ప్రతి తడబాటుకీ లెక్క చెప్పాలి, లేకపోతే నమ్మకం పోయి దుకాణం మూతపడుతుంది. ఇది ఒప్పుకోవాల్సిందే. కానీ ఒప్పుకున్నాక ఇంకా ఎక్కువ మండుతుంది నాకు. పది డాలర్లు పందెం కాసినవాడికి ఫలానా మలుపులో ఏం జరిగిందో చెప్పాలట. టిక్కెట్టు కొనుక్కుని, ప్రాణాన్నే పందెం పెట్టి మా పల్లె బస్సెక్కే ముసలమ్మకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదా?

నేను కోరేది పెద్ద సంస్కరణేం కాదు. బస్సులో ఒక కెమెరా. నెలకి ఒక రోజు, ఏమీ కాని మలుపుల గురించి డ్రైవర్ని కూర్చోబెట్టి, వీడియో చూపించి, అతని మాట విని, తప్పయితే రెండు రోజులో మూడు రోజులో పక్కన పెట్టడం. బ్రేకు గురించి అతను ముందే రాసిస్తే, పట్టించుకోనివాణ్ణి కూడా అదే బల్ల ముందు కూర్చోబెట్టడం. ఏం తేలిందో ఒక పేజీ రాసి, పేర్లు లేకపోయినా సరే, బస్టాండులో టైంటేబుల్ పక్కన అతికించడం. ఉత్తమ డ్రైవరు సన్మానానికి డీజిలు లెక్కతో పాటు ఆ పేజీలు కూడా చూడడం.

మొన్న ఫోన్లో చిన్నాయనకి ఇదంతా చెప్పాను, ఆ గుర్రాల తీర్పులతో సహా. అంతా విని ఒక్కటే అడిగాడు: "అయితే ఆ దినాలు అయినంక మళ్ళ బండి ఇస్తరా?" ఇస్తారు చిన్నాయనా అన్నాను. "గట్లయితే ఎవ్వడైనా తప్పు ఒప్పుకుంటడు" అన్నాడు.

ఇంత చదివి నాకు తట్టనిది అదే. ఒప్పుకుంటే పని పోతుందన్న భయం ఉన్నన్నాళ్ళు, గొలుసు పాతదైందని గానీ, బ్రేకు సరిగ్గా పడట్లేదని గానీ, మలుపులో నేను కొంచెం జోరు చేశానని గానీ ఏ డ్రైవరూ నోరు తెరిచి చెప్పడు. వాళ్ళు చెప్పని సంగతులన్నీ ఒకరోజు లోయలో తేలతాయి.