జెండా పాటను నమ్ముకోకు

చపాటా మిర్చి కాయను ముందు తొడిమ దగ్గర విరిచి చూడు. తోలు మందం కదా, పైకి ఎండినట్టే కనబడుతుంది. చివరికి ఎండేది అక్కడే. మెత్తగా సాగిందంటే ఇంకా కల్లంలోనే ఉండాలి. ఇది నాకు నేర్పింది కాయ ఏరడానికి వచ్చే ఒక పెద్దవ్వ. "తొడిమ కాడ జూడు బిడ్డా, మిగతా కాయంతా అబద్ధం చెప్తది" అనేది. మా సంఘానికి తేమ మీటరు తర్వాత వచ్చింది. అది చెప్పేదీ, అవ్వ వేళ్లు చెప్పేదీ దాదాపు ఒకటే.

మాది భూపాలపల్లి జిల్లా. రైతు ఉత్పత్తిదారుల సంఘంలో కాయ చూసి గ్రేడు చెప్పడం నా పని. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో జెండా పాట, అంటే ఆ రోజు మొదటి వేలం రేటు, వినగానే కొత్త రైతు ఆ రేటును తన బస్తాలతో గుణించుకుంటాడు. ఆ రేటు పలికేది ఏదో ఒక మేలైన లాటుకు. మిగతా బస్తాల్లో ఖరీదుదారు చెయ్యి పెట్టి పిడికెడు కాయ తీస్తాడు. అందులో తాలు, అంటే రంగు తేలిపోయిన కాయ, కనబడిందా, క్వింటాకు వందల్లో కాదు, వేలల్లో దిగుతాడు. అందుకే తాలును కల్లంలోనే ఏరిస్తాం. విడిగా అమ్మితే తాలుకూ ఒక రేటుంది. కలిపితే అంతా తాలే. ఏరే కూలి దండగ అనే రైతుకు రెండు కుప్పలు పక్కపక్కన పోసి చూపించు. వాదించకు.

బస్తాకు తొక్కేటప్పుడు కాయ పగలకుండా నీళ్లు చల్లడం పాత అలవాటు. తూకమూ కలిసొస్తుందని చెవిలో ఊదేవాళ్లుంటారు. అలా చల్లి తెచ్చిన ఒక రైతు బస్తాలు విప్పితే లోపల బూజు. పదిమంది కాయలో కలిపి ఉంటే లాటంతా పోయేది. బూజు వెంట ఆఫ్లాటాక్సిన్ వస్తుంది. అందులో బి1 రకానికి యూరప్ పెట్టిన హద్దు కిలోకు 5 మైక్రోగ్రాములు, అంటే వెయ్యి టన్నుల మిర్చిలో 5 గ్రాములు. దులిపితే పోయేది కాదది. పొద్దుటి చల్లదనంలో కాయ కాస్త ఒదిగి ఉంటుంది, అప్పుడు తొక్కించు. నీళ్ల బిందె కల్లం దరిదాపుల్లో ఉండనివ్వకు, తాగడానికి తప్ప.

చపాటాకు కారం తక్కువ, రంగు ఎక్కువ. మనవాళ్లు పచ్చళ్లకు అడుగుతారు, కంపెనీలు రంగు తీయడానికి అడుగుతాయి. కాబట్టి నిండుగా ఎర్రబడ్డ కాయే కోయాలి. అరకు గిరిజన రైతులు పండిన కాఫీ పండునే ఏరారు, ఆ కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణమే వెలిసింది. మాకు 2025లో వరంగల్ చపాటా మిర్చి పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు పెట్టింది తిమ్మంపేట మిర్చి రైతుల కంపెనీ. వెనక నిలబడింది మహబూబాబాద్ జిల్లా మల్యాల ఉద్యాన పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు. ఆ ముద్ర చూసి కొనేవాడు ఒక్క క్షణం ఆగుతాడు. కొనిపించేది మాత్రం కాయే.

అన్ని ఏళ్లూ కాయ మాట చెల్లదు, అదీ చెప్పాలి. 2021లో నల్ల తామర పురుగు పూతను తినేసింది. సరుకు లేక 2022లో దేశీ కాయ క్వింటా 50 వేలు దాటింది. ఆ రోజుల్లో గ్రేడింగ్ అంటే నవ్వారు. నాకూ జవాబు లేదు. రేటు పడ్డాకే నన్ను మళ్లీ కల్లాలకు పిలిచారు.

పలువురి కాయను ఒకే లాటుగా కట్టిన మొదటిసారి, కొనేవాడే ఊళ్లోకి లారీ తెచ్చుకున్నాడు. అడ్తి కమీషన్, కిరాయి మిగిలాయి. డబ్బు మాత్రం ఆలస్యమైంది. అడ్తి దగ్గర అప్పున్నవాళ్లు అంతదాకా ఆగలేక మరుసటి కోత కాయను మళ్లీ అక్కడికే తోలారు. వాళ్లను తప్పుపట్టలేం. అందుకే ఇప్పుడు కాయతో పాటు రైతు అప్పు సంగతీ అడుగుతాను. ఆగలేనివాళ్లకు సంఘం సొమ్ములోంచి కొంత ముందే ఇస్తాం. మిగతాది లారీ డబ్బు వచ్చాక.